చుక్కకీ కంటికీ మధ్య: ఐపీస్ ఎంపికపై ఒక సమీక్ష

పెళ్ళిలో తలంబ్రాల సందడి సద్దుమణిగాక పురోహితుడు వధూవరులను పందిరి బయటికి తీసుకొచ్చి అరుంధతీ నక్షత్రం చూపిస్తాడు. ముహూర్తం పట్టపగలైతే ఆయన వేలు చూపిన వైపు చూసి ఇద్దరూ తల ఊపుతారు. ఆ చుక్కను నిజంగా చూడాలంటే వైశాఖ మాసంలో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి ఉత్తరంగా తిరిగి నిలబడాలి. గరిటె ఆకారపు సప్తర్షి మండలంలో కాడ మధ్యన ఉన్నది వశిష్ఠుడు. అతనికి ఆనుకున్నట్టుండే సన్నటి చుక్క అరుంధతి. ఇద్దరి మధ్య దూరం సుమారు 12 కళలు, అంటే నిండు చందమామ వెడల్పులో సగానికి కొంచెం తక్కువ.

విశాఖపట్నంలో మా డాబా మీద 150 మి.మీ. అద్దం, 1200 మి.మీ. నాభ్యంతరం ఉన్న టెలిస్కోపును అటు తిప్పి, 25 మి.మీ. ఐపీస్ పెట్టి చూసినప్పుడు ఆ దంపతులిద్దరూ ఒకే చూపులో హాయిగా ఇమిడిపోయారు. పైగా వశిష్ఠుడే ఇద్దరుగా విడిపోయి కనిపించాడు. ఆ రెండు చుక్కల మధ్య 14 వికళల ఎడం ఉంది. 1617లో గెలీలియో, ఆయన శిష్యుడు కాస్తెల్లి గమనించిన జంట అది. ఇంకా బాగా చూద్దామని ఆశపడి, పాత టెలిస్కోపుతో వచ్చిన 4 మి.మీ. ఐపీస్ పెట్టాను. వశిష్ఠుడు వణికే మసకముద్దలా మిగిలాడు. అరుంధతి చూపులోంచే జారిపోయింది. టెలిస్కోపు అదే, ఆకాశం అదే. మారింది అరచేతిలో ఇమిడే గొట్టం ముక్క ఒక్కటే.

ఆ గొట్టం ముక్కను ఎలా ఎంచుకోవాలన్నదే ఈ సమీక్ష. దీని మీద పుస్తకాలు చెప్పేది ఒకటి, అమ్మేవాళ్ళు చెప్పేది ఒకటి, ఏళ్ళ తరబడి ఆకాశం చూసినవాళ్ళు చెప్పేది మరొకటి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: ఐపీస్‌ను అది కంటికి అందించే వెలుగుపుంజం లావును బట్టి ఎంచుకోవాలి. ఎన్ని రెట్లు పెంచుతుందన్నది దాని వెనకాల వచ్చే లెక్క. ఈ సంగతి తెలిసినవారికి మూడు ఐపీసులు చాలు.

డబ్బా మీది అంకె

కొత్తగా టెలిస్కోపు కొనేవారు మొదట చూసేది డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే 525 రెట్లు, 675 రెట్లు అనే అంకెలు. నా మొదటి టెలిస్కోపు డబ్బా మీద 525 ఉండేది. ఆ అంకె ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. టెలిస్కోపు నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 700 మి.మీ.ని 4 మి.మీ.తో భాగిస్తే 175. డబ్బాలో ఉన్న, ఆవర్ధనాన్ని 3 రెట్లు చేసే బార్లో కటకం కలిపితే 525. గణితంలో తప్పేమీ లేదు. కానీ ఆ టెలిస్కోపు కటకం వెడల్పు 60 మి.మీ. మాత్రమే.

అనుభవజ్ఞులంతా ఒప్పుకునే సూత్రం ఒకటుంది: కటకం లేదా అద్దం వెడల్పు ఒక మిల్లీమీటరుకు రెండు రెట్లు, అంతకు మించి పెంచితే ఫలితం లేదు. 60 మి.మీ.కి 120 రెట్లు, 150 మి.మీ.కి 300 రెట్లు హద్దు. వెలుగు తరంగం కాబట్టి ఏ చుక్కా బిందువుగా కనిపించదు, చిన్న బిళ్ళగా కనిపిస్తుంది. ఆ బిళ్ళ ఎంత చిన్నదన్నది అద్దం వెడల్పే తేలుస్తుంది. దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపగల శక్తికి డాస్ హద్దు అనే కొలత ఉంది. 116ను మిల్లీమీటర్లలో వెడల్పుతో భాగిస్తే అది వికళల్లో వస్తుంది. 150 మి.మీ. అద్దానికి అది 0.77 వికళ. దాన్ని దాటి ఎంత పెంచినా కొత్త వివరం పుట్టదు. గిన్నెడు పెరుగులో చెంబులకొద్దీ నీళ్ళు పోస్తే మజ్జిగ పెరుగుతుంది గానీ పెరుగు పెరగదు కదా, ఇదీ అంతే. ఉన్న వెలుగే పలచబడుతుంది.

అసలు హద్దు దీనికంటే ముందే ఎదురవుతుంది. మన నెత్తిమీది గాలి చాలా రాత్రుల్లో చుక్కను ఒకటి రెండు వికళల మేర చెదరగొడుతుంది. అందుకే పెద్ద టెలిస్కోపు ఉన్నవారు కూడా ఎక్కువ రాత్రులు 150 నుంచి 200 రెట్ల దగ్గరే ఆగిపోతారు.

వెలుగుపుంజం లావు

పగటిపూట ఐపీస్‌ను కంటికి ఒక అడుగు దూరంలో ఉంచి చూడండి. దాని మధ్యలో చిన్న తెల్లటి బిళ్ళ తేలుతూ కనిపిస్తుంది. టెలిస్కోపు పోగుచేసిన వెలుగంతా ఆ బిళ్ళగుండానే బయటికి వస్తుంది. దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. లెక్క సులువు: అద్దం వెడల్పును ఆవర్ధనంతో భాగించాలి. ఇంకా సులువుగా కావాలంటే ఐపీస్ నాభ్యంతరాన్ని టెలిస్కోపు ఎఫ్ సంఖ్యతో భాగించాలి. ఎఫ్ సంఖ్య అంటే నాభ్యంతరాన్ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది. 200 మి.మీ. అద్దం, 1200 మి.మీ. నాభ్యంతరం ఉంటే ఎఫ్ 6.

కంటిపాప చీకట్లో యువకులకు సుమారు 7 మి.మీ. వరకు తెరుచుకుంటుంది. వయసు మీదపడిన కొద్దీ చాలామందికి అది 5 మి.మీ.కి తగ్గుతుంది. పుంజం దానికంటే లావైతే అంచుల్లోని వెలుగు కంట్లోకి పోదు, వృథా. పుంజం మరీ సన్నగా, అర మిల్లీమీటరుకు తగ్గితే బొమ్మ మసకబారుతుంది. కంటి ద్రవంలో తేలే నలకలు కూడా తెరమీద నీడల్లా అడ్డుతిరుగుతాయి. మంచి చూపంతా ఈ రెండు అంచుల మధ్యనే ఉంది.

ఈ కొలతతో చూస్తే ఆకాశం మూడు భాగాలుగా విడిపోతుంది. కృత్తికలు, పాలపుంతలోని గుత్తులు, పెద్ద నెబ్యులాల వంటి విశాలమైన వాటికి 4 నుంచి 6 మి.మీ. పుంజం. గోళాకార గుచ్ఛాలకు, చిన్న గెలాక్సీలకు 2 మి.మీ. చందమామకు, గ్రహాలకు, జంట నక్షత్రాలకు 1 మి.మీ. లేదా ఇంకొంచెం తక్కువ. ఎఫ్ 6 టెలిస్కోపులో 30, 12, 6 మి.మీ. ఐపీసులు సరిగ్గా 5, 2, 1 మి.మీ. పుంజాలిస్తాయి. మన 200 మి.మీ. అద్దంతో వాటి ఆవర్ధనాలు 40, 100, 200. ఈ మూడూ కొన్న మనిషి ఆకాశంలో దాదాపు దేనికీ వెలితిపడడు.

డబ్బా మీది 525 రెట్లకు ఇదే లెక్క వేస్తే, 60 మి.మీ. కటకం నుంచి వచ్చే పుంజం 0.11 మి.మీ. ఆ రోజు నాకు శనిగ్రహం ఎందుకు కనిపించలేదో ఈ ఒక్క అంకె చెప్పేసింది. అదే టెలిస్కోపుకు 20 మి.మీ. ఐపీస్ పెట్టి 35 రెట్లతో చూసిన రాత్రి ఉంగరం స్పష్టంగా కనిపించింది. అంతకాలం పనికిరానిదని అటక మీద పడేసింది టెలిస్కోపును కాదు, నా అవగాహననే అని అప్పుడు అర్థమైంది.

నాలుగు శతాబ్దాల మరమ్మతు

ఐపీస్ చరిత్ర ఒకరి లోపాన్ని మరొకరు దిద్దుకుంటూ వచ్చిన కథ. గెలీలియో 1609లో వాడింది పుటాకార కటకం. బొమ్మ నిటారుగా వచ్చేది గానీ చూపు ఎంత ఇరుకంటే, 20 రెట్ల టెలిస్కోపులో చందమామ మొత్తం ఒక్కసారి పట్టేది కాదు. 1611లో కెప్లర్ కుంభాకార కటకం వాడొచ్చని రాశాడు. చూపు విశాలమైంది, బొమ్మ తలకిందులైంది, అంచుల్లో రంగులు చిమ్మాయి. శని ఉంగరాన్ని ఉంగరమని గుర్తించిన హైగెన్స్ 1660ల్లో ఒక కటకం చోట రెండు పెట్టి ఆ రంగులను చాలావరకు అణిచాడు. చవక టెలిస్కోపుల ఐపీసుల మీద ఇప్పటికీ కనిపించే హెచ్ అక్షరం ఆయన పేరే. ఎస్.ఆర్. అని ఉంటే అది 18వ శతాబ్దపు రామ్స్‌డెన్ అమరిక.

1849లో కార్ల్ కెల్నర్ రెండు రకాల గాజులు అతికించిన కటకం చేర్చాడు. 1860లో వియన్నాలో గియోర్గ్ సైమన్ ప్లోస్ల్ అలాంటి జంటలు రెండు ఎదురెదురుగా అమర్చాడు. ఈనాడు ప్రపంచంలో ఎక్కువమంది ఔత్సాహికుల చేతిలో ఉన్నది ఈ ప్లోస్ల్ రకమే. 1880లో ఎర్నెస్ట్ ఆబే తయారుచేసిన ఆర్థోస్కోపిక్ బొమ్మను వంకర లేకుండా చూపింది. గ్రహాలు చూసేవారు తరతరాలుగా దాన్ని ప్రాణంగా చూసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, హైన్రిచ్ ఎర్ఫ్లే సైనిక పరికరాల కోసం 60 డిగ్రీలకు మించిన విశాలమైన చూపు సాధించాడు.

ఇక్కడ చాలాకాలం పని ఆగిపోయింది. కారణం గాజు. పూత లేని గాజు ఉపరితలం ప్రతి ఒక్కటీ నూటికి 4 వంతుల వెలుగును వెనక్కి కొడుతుంది. గాలికి తగిలే ఉపరితలాలు ఎనిమిది ఉంటే 28 వంతులు పోతాయి. పోయిన ఆ వెలుగు లోపలే అటూ ఇటూ తిరిగి దయ్యపు బొమ్మలు సృష్టిస్తుంది. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా పరావర్తనాన్ని తగ్గించే పూతకు పేటెంట్ సంపాదించాక దారి తెరుచుకుంది. తర్వాత బహుళ పొరల పూతలు వచ్చి ఒక్కో ఉపరితలం దగ్గర ఆ నష్టాన్ని అర శాతం లోపుకు దించాయి. అప్పుడు గానీ ఏడు కటకాల ఐపీస్ సాధ్యం కాలేదు. అపోలో చంద్రనౌక శిక్షణ యంత్రాలకు దృశ్య వ్యవస్థలు రూపొందించిన ఆల్ నాగ్లర్ 1980 ప్రాంతంలో 82 డిగ్రీల చూపున్న ఐపీస్‌ను అందరికీ అందించాడు. 2007లో ఆయన సంస్థ టెలీవ్యూ నుంచే 100 డిగ్రీలదీ వచ్చింది. వ్యోమగాములకు కిటికీలోంచి చందమామను చూస్తున్నామన్న భ్రమ కలిగించిన విద్య అలా డాబాల మీదికి చేరింది.

ఎంత విశాలం కావాలి?

ఔత్సాహికుల మధ్య పాత వాదం ఒకటి ఇంకా తెగలేదు. ఎంత తక్కువ గాజు ఉంటే అంత శుభ్రమైన బొమ్మ అనేవారు ఒకవైపు, చూపు విశాలంగా లేకపోతే ఆకాశాన్ని తాళం కన్నంలోంచి చూసినట్టే అనేవారు మరోవైపు. ఇద్దరి మాటలోనూ నిజముంది. గురుగ్రహం వెడల్పు 50 వికళలకు మించదు. దాని పట్టీల్లోని సున్నితమైన తేడాలు చూడటానికి 45 డిగ్రీల ఆర్థోస్కోపిక్ ఈరోజుకీ పనికొస్తుంది. కానీ మోటారు లేని టెలిస్కోపులో భూభ్రమణం వల్ల గ్రహం నిమిషంలోపే చూపు దాటిపోతుంది. 200 రెట్ల దగ్గర 50 డిగ్రీల ఐపీస్ పావు డిగ్రీ ఆకాశం చూపిస్తుంది. ఖగోళ మధ్యరేఖ దగ్గరున్న గ్రహం దాన్ని ఒక్క నిమిషంలో దాటేస్తుంది. 82 డిగ్రీలదైతే ఒక నిమిషం ముప్పై ఎనిమిది సెకన్లు నిలుస్తుంది. చేత్తో తిప్పుకునేవారికి ఆ ముప్పై ఎనిమిది సెకన్లు పెద్ద వరం. గాలి నిలకడగా ఉండే క్షణం వచ్చేసరికి గ్రహం ఇంకా కళ్ళముందే ఉంటుంది.

విశాలమైన ఐపీస్‌కు మరో గుణం కూడా ఉంది. అసలు చూపు సమానంగా ఉన్నా ఆవర్ధనం ఎక్కువ కాబట్టి వెనకున్న ఆకాశం నల్లబడుతుంది. 32 మి.మీ. ప్లోస్ల్, 24 మి.మీ. 68 డిగ్రీల ఐపీస్ రెండూ దాదాపు ఒకే మేర ఆకాశం చూపిస్తాయి. రెండూ ఒకటింపావు అంగుళాల గొట్టంలో పట్టగలిగినంత గరిష్ఠం అవే. అంతకంటే విశాలం కావాలంటే రెండంగుళాల గొట్టానికి మారాలి. నగరంలో ఉన్నవారికి 24 మి.మీ.ది మేలు. చీకటి ఊళ్ళో ఉన్నవారికి 32 మి.మీ.ది చవకగా అదే పని చేసిపెడుతుంది.

ఎఫ్ సంఖ్య కూడా ఇక్కడే మాట్లాడుతుంది. ఎఫ్ 8 లేదా ఎఫ్ 10 టెలిస్కోపు దయగలది. కెల్నర్ అయినా దానిలో అంచుల దాకా బాగానే పనిచేస్తుంది. ఎఫ్ 5 దగ్గర వెలుగు వాలుగా దూసుకొస్తుంది కాబట్టి చవక విశాల ఐపీస్‌లో అంచుల దగ్గర చుక్కలు గాలిలో పక్షుల్లా రెక్కలు చాస్తాయి. దానికి తోడు అద్దం వల్ల పుట్టే కోమా అనే దోషం చుక్కలకు తోకలు తగిలిస్తుంది. అంటే ఎఫ్ 5 గొట్టం చవకగా కొని పొట్టిగా ఉందని సంబరపడినవారు, మిగిల్చిన డబ్బును ఐపీసుల మీద పెట్టాల్సి వస్తుంది. మొదటి టెలిస్కోపుగా ఎఫ్ 6 నుంచి 8 మధ్యలోది తీసుకోమని నేను అడిగినవారందరికీ చెప్పేది ఇందుకే.

చూసేవారి కన్ను

ఒక శీతాకాలం రాత్రి పక్కింటి పెద్దాయన్ను డాబా మీదికి పిలిచాను. శనిగ్రహం మీద 6 మి.మీ. ప్లోస్ల్ పెట్టి ఉంది.

"రండి బాబాయిగారూ, కన్ను దగ్గరగా పెట్టండి."

ఆయన కళ్ళజోడుతో వంగారు, తీశారు, మళ్ళీ పెట్టారు. "ఏమీ అవుపడట్లేదురా, నల్లగా ఉంది."

తప్పు ఆయనది కాదు. బొమ్మ మొత్తం కనిపించాలంటే కన్నును ఐపీస్‌కు ఎంత దూరంలో ఉంచాలో ఆ దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. ప్లోస్ల్ రకంలో అది నాభ్యంతరంలో మూడొంతులకు దగ్గరగా ఉంటుంది. 25 మి.మీ. ఐపీస్‌లో హాయిగానే ఉంటుంది గానీ 6 మి.మీ.లో నాలుగైదు మిల్లీమీటర్లే. కనురెప్పలు గాజుకు తగిలేంత దగ్గర అన్నమాట. కళ్ళజోడు పెట్టుకుంటే 15 నుంచి 20 మి.మీ. ఉండాలి. ఎక్కువ ఐ రిలీఫ్ ఉండేలా తయారుచేసిన పొట్టి నాభ్యంతరపు ఐపీసులు ఇప్పుడు దొరుకుతున్నాయి. లేదంటే 12 మి.మీ.దానికి బార్లో కటకం జోడించవచ్చు. ఆ రాత్రి నేను చేసింది అదే. రెండు నిమిషాల తర్వాత బాబాయిగారు కదలకుండా ఉండిపోయారు. "ఇది నిజంగా అక్కడుందిట్రా?" అన్నారు. ఆ ప్రశ్న కోసమే ఇంత లెక్క.

కళ్ళజోడు విషయంలో ఒక ఊరట ఉంది. హ్రస్వదృష్టి, దూరదృష్టి మాత్రమే ఉన్నవారు అద్దాలు తీసేసి ఫోకస్ మరను కాస్త తిప్పుకుంటే చాలు. ఆస్టిగ్మాటిజం ఉన్నవారికే అద్దాలు అవసరం. అది కూడా పుంజం 2 మి.మీ.కి మించి లావుగా ఉన్నప్పుడే బాగా బయటపడుతుంది. సన్నటి పుంజం కంటిపాప మధ్యలోంచే పోతుంది కాబట్టి గ్రహాల దగ్గర ఆ దోషం చాలామందికి అడ్డురాదు. కొనేముందు ఎవరి కన్ను చూస్తుందో ఆలోచించండి. ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ చూపించేవారికి ఐ రిలీఫ్ అన్నిటికంటే ముందు రావాలి.

మన ఆకాశం, మన డాబా

టెలిస్కోపు పుస్తకాలు చాలావరకు చల్లని ఉత్తర దేశాల కోసం రాసినవి. మన పరిస్థితి వేరు. కొన్నిట్లో అదృష్టవంతులం. హైదరాబాదు, విశాఖ 17 డిగ్రీల అక్షాంశం దగ్గరున్నాయి. ఇక్కడి నుంచి ఏ గ్రహమైనా ఆకాశంలో దాని అత్యున్నత స్థానంలో 45 డిగ్రీలకు పైనే ఉంటుంది. లండన్‌లో కొన్ని సంవత్సరాలు గ్రహాలు ఇళ్ళ కప్పుల వెంబడి పాకుతాయి. దిగంతం దగ్గరి మందపాటి గాలిని దాటనక్కర్లేదు కాబట్టి మనకు 1 మి.మీ. పుంజమిచ్చే ఐపీస్ అక్కడివారికంటే ఎక్కువ రాత్రులు పనికొస్తుంది. లండన్‌లో ఎప్పటికీ ఉదయించని అగస్త్య నక్షత్రం మాఘమాసపు సాయంత్రాల్లో మా సముద్రం వైపు 20 డిగ్రీల ఎత్తున నిలబడుతుంది. ఒమేగా సెంటారి అనే మహాగోళాకార గుచ్ఛం వేసవి రాత్రుల్లో దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. 2 మి.మీ. పుంజంతో దాన్ని చూసిన రాత్రి ఏ ఐపీస్ ఎందుకుందో ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. అది గుప్పెడు బియ్యపు రవ్వ చల్లినట్టుంటుంది.

ధ్రువనక్షత్రం మాత్రం 17 డిగ్రీల ఎత్తులో పక్కింటి నీళ్ళ ట్యాంకు వెనక దాక్కుంటుంది. దాన్ని ఆధారం చేసుకునే ఈక్వటోరియల్ స్టాండ్ ఇక్కడ చాలామందికి తలనొప్పి. అందుకే చెక్కపెట్టె మీద తిరిగే డాబ్సోనియన్ మన డాబాలకు సరిపోతుంది. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్ ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీలో రెండు దశాబ్దాలకు పైగా సన్యాసిగా ఉన్నాడు. 1968లో వీధి చివర టెలిస్కోపు పెట్టి దారినపోయేవారికి ఆకాశం చూపించే బృందం మొదలుపెట్టాడు. ఆయన టెలిస్కోపును అది ఎంతమందికి ఆకాశం చూపించిందన్న దాన్నిబట్టి కొలిచేవాడు. ఐపీస్‌నూ అలాగే కొలవాలని నా నమ్మకం.

దురదృష్టాలూ ఉన్నాయి. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి వదులుతుంది. ఏసీల వెనకభాగాలు ఇంకొంత వేడి పోస్తాయి. ఆ వేళ 200 రెట్లు పెడితే చందమామ గోతులు మరిగే నీళ్ళలో గులకరాళ్ళలా కనిపిస్తాయి. అప్పుడు 100 రెట్ల దగ్గరే ఆగి, గ్రహాలను తెల్లవారుజాముకు వదిలేయడం మంచిది. మరో శత్రువు తేమ. కోస్తాలో ఐపీస్‌కు పట్టే బూజు గాజు పూతను తినేస్తుంది. వర్షాకాలం నాలుగు నెలలూ దాన్ని తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచినవారు దసరాకు తీసి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, దానిలో సిలికా జెల్ పొట్లాలు, నెలకోసారి వాటిని ఎండబెట్టడం, ఇంతే మందు. మంచు పట్టిన గాజును చీర కొంగుతోనో కండువాతోనో తుడవకండి. గదిలోకి తెచ్చి మూత తీసి ఆరనివ్వండి.

ఇంట్లో ఆకాశం చూసే సంప్రదాయం మనకు కొత్తది కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలో సొంత వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించి 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించి నమోదు చేశారు. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఉత్సాహంతో మొదలుపెట్టిన నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. ఆ కుర్రాడి ఆకాశం అక్కడే మొదలైంది. నరసింగరావుగారి ఆరంగుళాల టెలిస్కోపు ఆనాడు జమీందారీ వైభవం. ఈరోజు అదే 150 మి.మీ. కొలత ఒక ఉపాధ్యాయుడి డాబా మీదికి వచ్చేసింది. దానికి తగిన ఐపీస్ ఎంచుకునే బాధ్యత మనమీద పడింది.

బార్లో, జూమ్, చేయి మారినవి

19వ శతాబ్దంలో పీటర్ బార్లో పేరుమీద వచ్చిన పుటాకార కటకం ఏ ఐపీస్ ఆవర్ధనాన్నైనా రెట్టింపో మూడింతలో చేస్తుంది. కొందరు దాన్ని అదనపు గాజు అని తీసిపారేస్తారు. మంచి పూత ఉన్న రెండు రెట్ల బార్లోతో నాకెప్పుడూ వెలితి కనిపించలేదు. పైగా ఎఫ్ 5 వెలుగును అది నిదానపరుస్తుంది కాబట్టి సాధారణ ఐపీస్ కూడా దాని వెనక మెరుగ్గా పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఐపీసుల నాభ్యంతరాలు ఒకదానికొకటి రెట్టింపు కాకూడదు. 24, 12, 6 ఉన్నవారికి రెండు రెట్ల బార్లో ఇచ్చే కొత్తదనం తక్కువ. 30, 12 ఉన్నవారికి అది 15, 6 అనే రెండు కొత్త ఐపీసులను ఇస్తుంది.

8 నుంచి 24 మి.మీ. జూమ్ ఐపీస్ మొదటి సంవత్సరానికి మంచి గురువు. మీ టెలిస్కోపు, మీ గాలి, మీ కన్ను ఏ ఆవర్ధనాన్ని ఇష్టపడతాయో అదే చెబుతుంది. లోపం ఏమిటంటే, విశాలంగా చూడాల్సిన 24 మి.మీ. దగ్గరే దాని చూపు ఇరుకై 40 డిగ్రీలకు దిగుతుంది. 8 దగ్గర 60కి విప్పుకుంటుంది. కాబట్టి దాని పక్కన ఒక 30 లేదా 32 మి.మీ.ది ఉంచుకోవాలి.

ఐపీస్ టెలిస్కోపుతో పాటు పోదు. గొట్టం మారినా అదే ఉంటుంది. అందుకే చేయి మారిన మంచి ఐపీస్ కొత్త నాసిరకం ఐపీస్‌కంటే ఎప్పుడూ మేలు. కొనేటప్పుడు వెనకనుంచి టార్చి వేసి గాజులో సాలెగూడు లాంటి బూజు తీగలున్నాయేమో చూడండి. దుమ్ము చుక్కల వల్ల నష్టమేమీ లేదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. పాత టెలిస్కోపుల్లో ఐపీస్‌కు బిగించే సన్ అని రాసిన నల్ల గాజు వస్తే వెంటనే విరగ్గొట్టి పారేయండి. సూర్యుడి వేడంతా అక్కడే కేంద్రీకృతమై అది పగిలితే కన్ను క్షణంలో పోతుంది. సూర్యుణ్ణి చూసే ఫిల్టరు టెలిస్కోపు ముందుభాగం మొత్తాన్ని కప్పాలి. పిల్లలున్న ఇంట్లో పగటిపూట టెలిస్కోపుకు మూత తీయకూడదు.

తెర యుగంలో కన్ను

ఇప్పుడు ఐపీసే లేని టెలిస్కోపులు వచ్చేశాయి. 2023లో వచ్చిన సీస్టార్ ఎస్50 లాంటివి 50 మి.మీ. కటకంతో నగర వెలుగులోంచి కూడా నెబ్యులాల రంగులను ఫోను తెర మీదికి పోగుచేస్తాయి. నా కన్ను ఎన్నడూ చూడలేని ఎరుపు వాటికి కనిపిస్తుంది. అవి చేసే మేలు చిన్నది కాదు. వెన్నునొప్పితో వంగలేనివారికీ, చూపు మందగించినవారికీ అవి ఆకాశాన్ని తిరిగి ఇచ్చాయి. అరకు దాకా వెళ్ళే వీలు లేనివారికి నగరం నడిబొడ్డునే గెలాక్సీ చూపుతున్నాయి. ఐపీస్ మీద ప్రేమతో వాటిని తక్కువ చేయడం సరికాదు.

అయినా చందమామ, గ్రహాలు, జంట నక్షత్రాల దగ్గర ఐపీస్ చూపించేది వేరు. గాలి ఒక్క క్షణం నిలకడగా ఉన్నప్పుడు కన్ను ఆ క్షణాన్ని పట్టుకుంటుంది. ఉంగరం మీది సన్నటి నల్లగీత మెరిసి మాయమవుతుంది. ఆ వెలుగు శనిగ్రహం నుంచి గంటకు పైగా ప్రయాణించి, అద్దం మీద పడి, నాలుగు చిన్న గాజుముక్కలు దాటి, వంగి చూస్తున్న ఒక మనిషి కంట్లో ఆగిపోయింది. మధ్యలో మరే తెరా లేదు. బాబాయిగారు అడిగిన ప్రశ్న ఆ నేరుతనంలోంచే పుట్టింది.

కాబట్టి తొలిసారి ఎంచుకునేవారికి నా సలహా ఇది. మీ టెలిస్కోపు ఎఫ్ సంఖ్య తెలుసుకోండి. దాన్ని 5తో, 2తో, 1తో గుణించండి. వచ్చిన మూడు అంకెలకు దగ్గరగా ఉన్న మూడు ఐపీసులు రాసుకోండి. మధ్యదాన్ని ముందు కొనండి, ఎందుకంటే ఎక్కువ రాత్రులు చేతికి వచ్చేది అదే. పెద్దది రెండోది. పొట్టిది చివర. కళ్ళజోడు ఉన్నవారు చూస్తారంటే ఐ రిలీఫ్‌కు డబ్బు పెట్టండి. గొట్టం ఎఫ్ 5 అయితే అంచుల శుభ్రతకు పెట్టండి. మిగిలింది పెట్రోలుకు దాచుకుని, అమావాస్య దగ్గరి శనివారాల్లో చీకటి ఉన్న ఊరికి వెళ్ళండి.

ఆ మూడూ చేతికి వచ్చాక మళ్ళీ వైశాఖంలో ఉత్తరంగా తిరగండి. పెద్ద ఐపీస్‌లో వశిష్ఠుడూ అరుంధతీ చుట్టూ చుక్కలతో పందిట్లో కూర్చున్నట్టుంటారు. మధ్యదానిలో వశిష్ఠుడి జంట చక్కగా విడిపోతుంది, అరుంధతి ఇంకా చూపులోనే ఉంటుంది. అక్కడ ఆగండి. ఇంట్లో కొత్తగా పెళ్ళైనవారు ఉంటే పైకి పిలవండి. పగటి ముహూర్తంలో వేలు మాత్రమే చూసినవారికి, ఈసారి చుక్కను చూపించండి.